మోకాళ్లు అరిగినా ఆట ఆగకుండా: షటిల్ ఆడేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

పొద్దున్నే ఏ ఊళ్లో షటిల్ కోర్టుకు వెళ్లినా, నలభై దాటినవాళ్ల బ్యాచ్‌లో ఒకరిద్దరు మోకాలికి క్యాప్ వేసుకుని కనిపిస్తారు. ఒకాయన సర్వీస్ చేసే ముందు మోకాలు తడుముకుంటాడు. ఇంకొకాయన గేమ్ అయ్యాక రెండు చేతులూ బెంచీకి ఆన్చి మెల్లగా కూలబడతాడు. కొన్నాళ్లకు వాళ్లలో ఒకరు రావడం మానేస్తారు. ఫోన్ చేస్తే "గుజ్జు అరిగిపోయిందట, ఆట మానేయమన్నారు" అంటారు.

అలా మానేసినవాళ్ల కోసం, మానేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆట పూర్తిగా మానేసినంత మాత్రాన అరిగిన మోకాలు బాగుపడదు. తొడ కండరం సన్నబడుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది, కొన్ని నెలలు పోయేసరికి మెట్లు దిగడమే కష్టమవుతుంది. అలాగని పళ్లబిగువున నొప్పి భరిస్తూ పాత పద్ధతిలోనే ఆడితే మోకాలు మరీ మొరాయిస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. మీ మోకాలు ఇవాళ ఎంత మోయగలదో తెలుసుకుని, ఆటను అంతకు కుదించుకుని, ఆ శక్తిని మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఎంత మోయగలదో ఆడేటప్పుడు తెలియదు, మర్నాడు పొద్దున తెలుస్తుంది. ఇందులో మిగతా చాలా విషయాలు ఆ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి.

హైదరాబాద్ బ్యాడ్మింటన్‌లో రెండు మోకాళ్ల కథలు అందరికీ తెలిసినవే. పుల్లెల గోపీచంద్‌కు 1994లో, పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లు అయ్యాయి. అదే మోకాలితో 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం తెచ్చింది. ఆ తర్వాత గుజ్జు బాగా అరిగిపోయిందని, ఆర్థరైటిస్ ఉందని, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటల ప్రాక్టీస్ ఇక కష్టమని 2024లో తనే చెప్పింది. తెగిన లిగమెంట్ వేరు, అరిగిన గుజ్జు వేరు. రెండింటికీ ఒకే సలహా పనికిరాదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. సైనా మోకాలు కాదన్నది ప్రపంచ స్థాయి ప్రాక్టీస్‌ను. స్నేహితులతో పొద్దున గంటసేపు ఆడే డబుల్స్‌కు ఆ కొలబద్ద పెట్టుకుని భయపడక్కర్లేదు.

మొదటి అడుగు: మీ మోకాలి సమస్య ఏమిటో సరిగ్గా తెలుసుకోండి

"మోకాలి నొప్పి" అనేది జబ్బు పేరు కాదు. ఆటలాడేవాళ్లలో సాధారణంగా కనిపించేవి నాలుగు.

మొదటిది ఆర్థరైటిస్. ఎముకల చివర్లను కప్పి ఉంచే మృదులాస్థి పలచబడుతుంది. దీన్నే మనం గుజ్జు అరగడం అంటాం. పొద్దున లేవగానే కాసేపు బిగుసుకున్నట్టుంటుంది, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది, ఎక్కువసేపు నిలబడితే మళ్లీ పోటు మొదలవుతుంది. రెండోది మెనిస్కస్ చిరగడం. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య చంద్రవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి, వాటిలో ఒకటి చిరుగుతుంది. కాలు మడిచి తిరిగినప్పుడు పక్కన కలుక్కుమంటుంది. మూడోది ఏసీఎల్ తెగడం. మోకాలి మధ్యలో ఉండి, కీలు జారకుండా పట్టి ఉంచే లిగమెంట్ ఇది. తెగిన క్షణంలో చాలామందికి లోపల పటుక్కుమన్నట్టు అనిపిస్తుంది, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బుతుంది, ఆ తర్వాత కాలు తిప్పినప్పుడల్లా మోకాలు జారిపోతున్నట్టుంటుంది. నాలుగోది మోకాలి చిప్ప వెనక నొప్పి. మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో కాలు మడిచి ఎక్కువసేపు కూర్చున్నప్పుడు ఇది బయటపడుతుంది.

ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు, ఆర్థరైటిస్ అనుమానం ఉంటే ఎక్స్‌రే నిలబడి తీయించుకోండి. పడుకోబెట్టి తీస్తే కీలు మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. రిపోర్టులో అరుగుదలను గ్రేడ్ 1 (తక్కువ) నుంచి 4 (బాగా ఎక్కువ) దాకా రాస్తారు. గ్రేడ్ 3 అని చూడగానే గుండె జారిపోనివ్వకండి. ఎక్స్‌రేకీ నొప్పికీ లెక్క చాలాసార్లు కుదరదు. గ్రేడ్ 3 మోకాలితో హాయిగా ఆడేవాళ్లున్నారు, గ్రేడ్ 1తో కుంటేవాళ్లూ ఉన్నారు. ఎంఆర్ఐ సంగతీ అంతే. ఏ నొప్పీ లేని నడివయసువాళ్లకు స్కాన్ తీసినా మెనిస్కస్ చిరుగులు కనిపించడం మామూలే.

"ఆట మానేయండి" అని డాక్టర్ అంటే అక్కడితో లేచి వచ్చేయకండి. "ఏ కదలిక వద్దంటారు? దూకడమా, తిరగడమా, లోతుగా కూర్చోవడమా?" అని అడగండి. దీనికి వచ్చే జవాబుతోనే మీరు ఆటను ఎలా మార్చుకోవాలో తేలుతుంది.

కొన్ని లక్షణాలుంటే ఈ గైడ్ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలు ఒకచోట పట్టేసి చాపడానికీ మడవడానికీ రాకపోవడం, కాలు మోపలేకపోవడం, మామూలు నడకలోనే మోకాలు జారిపోవడం, ఎర్రగా వేడిగా ఉబ్బి జ్వరం రావడం, పిక్క వాచి నొప్పి పుట్టడం, కదలకుండా పడుకున్నా రాత్రంతా సలపడం.

రెండో అడుగు: మర్నాడు పొద్దున మోకాలిని చదవడం నేర్చుకోండి

ఆడుతున్నప్పుడు ఒళ్లు వేడిగా ఉంటుంది, ధ్యాసంతా షటిల్ మీద ఉంటుంది. అప్పుడు మోకాలు చెప్పేదాన్ని పూర్తిగా నమ్మలేం. అందుకని ఫిజియోలు ఇరవై నాలుగు గంటల లెక్క వాడతారు. మనమూ వాడుకోవచ్చు. మూడు విషయాలు చూడాలి.

ఒకటి, నొప్పి. సున్నా అంటే అసలు లేదు, 10 అంటే భరించలేనంత. ఆడేటప్పుడు 2 దాకా ఉంటే ఇబ్బంది లేదు. 3 నుంచి 5 మధ్య ఉంటే, మర్నాటికల్లా మామూలు స్థితికి వచ్చేటట్టయితే సరే. 5 దాటిందంటే ఆ రోజుకు ఆట ఆపేయాలి. గేమ్ పాయింట్ దగ్గరున్నా ఆపేయాలి, ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు.

రెండు, బిగుతు. మంచం దిగాక మోకాలు సర్దుకోవడానికి రోజూ పట్టే సమయం మీకు అలవాటే. ఆడిన మర్నాడు అంతకంటే బాగా ఎక్కువ పట్టిందంటే నిన్న మోతాదు మించింది.

మూడు, వాపు. ఇది అన్నిటికంటే ముఖ్యం. దీన్ని చేత్తో చూసుకోవడం ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. మంచం మీద కాలు చాపి కూర్చోండి, తొడ పూర్తిగా వదులుగా పెట్టండి. మోకాలి చిప్పకు లోపలి వైపున చిన్న గుంట ఉంటుంది. అరచేత్తో ఆ గుంటను కింది నుంచి పైకి, తొడ వైపు రెండు మూడుసార్లు నిమరండి. తర్వాత చిప్పకు బయటి వైపున పై నుంచి కిందికి ఒకసారి నిమిరి, లోపలి గుంట మీదే చూపు పెట్టండి. ఆ గుంట నెమ్మదిగా నిండి ఉబ్బితే లోపల నీరు చేరినట్టు. ఏమీ మారకపోతే మంచిదే. రెండో మోకాలితో పోల్చి చూసుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

వాపుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, మోకాలిలో నీరు చేరితే నరాలు తొడ ముందరి కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వవు. మీరు ఎంత బిగించినా అది పూర్తి శక్తితో బిగుసుకోదు. ఆ స్థితిలో కోర్టులోకి దిగితే కండరం మోయాల్సిన భారం నేరుగా కీలు మీద పడుతుంది. నొప్పి లేకపోయినా సరే, గుంట నిండి ఉంటే ఆ రోజు ఆట లేదు.

ఈ మూడూ ఫోన్లో ఒక్క లైనులో రాసిపెట్టుకోండి: నిన్న ఏం ఆడాను, ఎంతసేపు, పొద్దున ఎలా ఉంది. నెల తిరిగేసరికి ఏది పడుతోందో ఏది పడట్లేదో మీకే కనిపిస్తుంది. చాలామంది తప్పంతా ఆట మీదికి నెట్టేస్తారు. రాసుకున్నది చూస్తే అసలు కారణం ఆదివారం పెళ్లిలో బాసింపట్టు వేసుకుని మూడు గంటలు కూర్చోవడమో, ఊరెళ్లినప్పుడు ఇండియన్ టాయిలెట్‌లో గొంతుక్కూర్చోవడమో అని తేలవచ్చు.

మూడో అడుగు: కండరాన్ని కట్టండి

మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు, అందుకే అరిగింది మళ్లీ పెరగడం కష్టం. కండరానికి ఆ ఇబ్బంది లేదు, అరవైలో అయినా పెరుగుతుంది. మందుల షాపుకు వెళ్లే ముందు ఈ పని మొదలుపెట్టాలి. డెన్మార్క్‌లో 2013లో గ్లాడ్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, మోకాలి ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు వారానికి రెండుసార్లు ఫిజియో పర్యవేక్షణలో వ్యాయామం నేర్పారు. అది ఫలితమిచ్చి ఆస్ట్రేలియా, కెనడాలకూ పాకింది. అందులో చేయించేవేవీ బ్రహ్మవిద్యలు కావు, ఇంట్లో చేసుకోగలిగినవే.

మొదటి రెండు వారాలు కీలును పెద్దగా కదపకుండా కండరాన్ని బిగించే పనులు చేయండి. కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి అదుముతూ 5 సెకన్లు బిగించి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు రెండు మూడు విడతలు. తర్వాత గోడకుర్చీ. బడిలో హోంవర్క్ చేయనందుకు వేయించిన ఆ గోడకుర్చీయే, ఈసారి మన మంచికి. అయితే తొడలు నేలకు సమంగా వచ్చేదాకా దిగకండి. నడుము గోడకు ఆన్చి, అందులో సగం దాకా మాత్రమే జారి, 30 నుంచి 45 సెకన్లు ఆగండి. నాలుగైదుసార్లు చేయండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా కదలకుండా బిగించి ఉంచే వ్యాయామాలు నొప్పి ఉన్న మోకాళ్లకు కూడా బాగా పడతాయి.

అది అలవాటయ్యాక కుర్చీ మీదికి వెళ్లండి. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి లేచి, మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా కూర్చోండి. ధబ్బున కూలబడితే లాభం లేదు, కూర్చునేటప్పుడే కండరం ఎక్కువ పనిచేస్తుంది. పదేసి చొప్పున మూడు విడతలు. కుర్చీ ఎత్తు తక్కువై నొప్పి వస్తే ఒక దిండు వేసుకోండి, వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయండి. అద్దం ముందు చేస్తే మోకాళ్లు ఒకదానివైపు ఒకటి లోపలికి వాలుతున్నాయేమో కనిపిస్తుంది. వాలుతుంటే పిరుదుల పక్క కండరం బలహీనంగా ఉందనుకోండి. పక్కకు తిరిగి పడుకుని పై కాలును తిన్నగా పైకెత్తి దించడం దానికి మందు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జి, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగే పిక్కల వ్యాయామం కూడా చేర్చుకోండి. పిక్కల్ని చాలామంది మర్చిపోతారు. కోర్టులో ప్రతి అడుగు కుదుపునూ ముందు కాచుకునేది అవే.

మూడో దశలో ఒంటికాలు పనులుంటాయి. 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున్న పీట మీద ఒక కాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలకు తగిలేదాకా నెమ్మదిగా దిగి మళ్లీ లేవాలి. ఇది తేలికైతే, వీపుకు బ్యాగు తగిలించి అందులో నీళ్ల సీసాలు పెట్టుకుని కుర్చీ వ్యాయామం చేయండి. ఇవన్నీ వారానికి మూడు రోజులు చాలు. ప్రతి విడతలో చివరి రెండు మూడూ కష్టంగా అనిపించాలి. ఎన్నిసార్లు చేసినా అలుపు రావట్లేదంటే అది కండరాన్ని పెంచదు, బరువు పెంచాల్సిందే.

తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండో వారంలో "ఏం లాభం లేదండీ" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఒక కాలితో కుర్చీలోంచి ఐదారుసార్లు తూలకుండా లేవగలిగిన రోజు, రెండు కాళ్లకూ మధ్య పెద్ద తేడా లేకపోతే, కోర్టు గురించి ఆలోచించవచ్చు.

నాలుగో అడుగు: బరువు

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎవరికీ వినాలని ఉండదు కాబట్టి. ఆర్థరైటిస్ ఉన్న బరువైనవాళ్ల నడకను కొలిచి 2005లో అమెరికా పరిశోధకులు చెప్పినదాని ప్రకారం, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. అంటే ఐదు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై. ఒక గంట షటిల్‌లో ఎన్ని అడుగులు వేస్తారో మీరే ఊహించుకోండి. ఆట అయ్యాక గుంపుగా వెళ్లి తినే పూరీలూ మైసూరు బజ్జీలూ వారానికి ఒకరోజుకు పరిమితం చేసినా కొంత పని అవుతుంది. తగ్గేటప్పుడు కండరం కరగకుండా పప్పు, గుడ్లు, పెరుగు, చేపల్లాంటివి తగ్గించకుండా అన్నం మాత్రం తగ్గించుకోండి. కిడ్నీ సమస్య ఉంటే ఈ విషయం డాక్టర్‌ను అడిగి చేయండి.

ఐదో అడుగు: ఆటను మీ మోకాలికి తగ్గట్టు కత్తిరించుకోండి

మొదటి అడుగులో తెలుసుకున్న సమస్య పేరు ఇక్కడ పనికొస్తుంది. షటిల్‌లో మోకాలిని ఇబ్బంది పెట్టే కదలికలు ముఖ్యంగా రెండు. నెట్ దాటగానే కింద పడే డ్రాప్ షాట్ అందుకోవడానికి కాలు బారుగా చాచి లోతుగా వంగడం ఒకటి. ఆర్థరైటిస్, చిప్ప వెనక నొప్పి ఉన్నవాళ్లకు ఇదే శత్రువు. వెనక కోర్టులో, బ్యాక్‌హ్యాండ్ మూలకు వెనక్కి పరుగెత్తి గాల్లోకి లేచి కొట్టి, ఒంటికాలి మీద దిగడం రెండోది. కుడిచేత్తో ఆడేవాళ్లకు ఎడమ మోకాలి ఏసీఎల్ ఎక్కువగా ఇలాంటి దిగడంలోనే తెగుతుంది. కాబట్టి డబుల్స్‌లో ఎవరెక్కడ నిలబడాలో మోకాలిని బట్టి నిర్ణయించుకోవాలి. గుజ్జు అరిగినవాళ్లు "తమ్ముడూ, నెట్ దగ్గర చిన్న డ్రాపులు నువ్వు చూసుకో, వెనక క్లియర్‌లు నాకొదిలెయ్" అని చెప్పుకోవాలి (క్లియర్ అంటే అవతలి కోర్టు చివరిదాకా ఎత్తుగా కొట్టే షాట్), అదీ ఎగరకుండా నేల మీద నిలబడి కొట్టే షరతు మీద. పాత లిగమెంట్ దెబ్బ ఉన్నవాళ్లు దీనికి తిరగేసి చెప్పుకోవాలి. మొహమాటపడి ఊరుకుంటే పార్ట్‌నర్‌కు మీ మోకాలి సంగతి ఎలా తెలుస్తుంది?

ముందుకు అడుగు వేయక తప్పనప్పుడు మడమ ముందు ఆనాలి, మోకాలు కాలివేళ్లున్న దిక్కునే వంగాలి, లోపలికి వాలకూడదు. ఒక పెద్ద అడుగు బదులు రెండు చిన్న అడుగులు వేసి చేరుకోండి. అందని షటిల్‌ను వదిలేయడం కూడా ఆటలో భాగమేనని ఒప్పుకోవాలి. పాయింట్ పోతుంది, పోనివ్వండి. సింగిల్స్ మాత్రం గ్రేడ్ 3 దాటినవాళ్లు మానుకుంటేనే మంచిదని నా అభిప్రాయం. మొత్తం కోర్టు ఒక్కరే కాసుకోవాలి, ఊపిరి తీసుకునే వీలుండదు, అలసిపోయాక అడుగులు అదుపు తప్పుతాయి.

కోర్టు కూడా చూసుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సిమెంటు మీద గీతలు గీసిన కోర్టు కంటే, చెక్క మీద సింథటిక్ మ్యాట్ పరిచిన ఇండోర్ కోర్టుకు నెలకు కొంత డబ్బు కట్టడం మేలు. బూట్లు గమ్ సోల్ (జారకుండా పట్టుండే రబ్బరు అడుగు) ఉన్న బ్యాడ్మింటన్ బూట్లే కావాలి. రన్నింగ్ షూస్‌కు మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు కదిలినప్పుడు పాదం బెణుకుతుంది.

షటిల్ ఇక కుదరదనుకుంటే లేదా ఆట లేని రోజుల్లో వేరేది కావాలంటే, సైకిల్ మంచి స్నేహితుడు. సీటు ఎత్తు ఒక్కటి సరిచూసుకోండి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి దించితే కాలు తిన్నగా చాపినట్టుండాలి. పాదం మామూలుగా పెట్టినప్పుడు అదే చోట మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు బాగా కిందికుంటే చిప్ప ముందు నొప్పి వస్తుంది, మన ఇళ్లలో సైకిళ్లన్నీ దాదాపు అలాగే ఉంటాయి. తేలిక గేరులో వేగంగా తొక్కండి, బరువు గేరులో నెట్టకండి. ఈతలో ఫ్రీస్టైల్ ఫరవాలేదు. కప్పలా కాళ్లు విడదీసి తన్నే బ్రెస్ట్ స్ట్రోక్ మోకాలి లోపలి పక్కను లాగుతుంది. పరుగు ఇష్టమైనవాళ్లు అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల్ని 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వదిలేయండి, ముందరి కాలు మీద పడే కుదుపు అరిగిన మోకాలు తట్టుకోదు. టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లు తగ్గిపోయారు గానీ, చురుకైన చేతికీ మొండికేసిన మోకాలికీ అంత బాగా సరిపోయే ఆట ఇంకోటి తక్కువ.

మెట్ల గురించి ఒక మాట చెప్పాలి. కృత్రిమ మోకాలి లోపల సెన్సర్లు పెట్టి బెర్లిన్ పరిశోధకులు 2010లో కొలిస్తే, నడకలో ఒంటి బరువుకు రెండున్నర రెట్లు, మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్ల పైన, దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు భారం పడింది. అలిపిరి దారిలో తిరుమలకు 3,550 మెట్లు. మొక్కు ఉంటే విడతలుగా ఆగుతూ, కర్ర సాయంతో ఎక్కండి. మొక్కుకున్నది ఎక్కుతాననే కదా, దిగడానికి బస్సులున్నాయి.

ఆరో అడుగు: తిరిగి కోర్టులోకి

కొన్ని నెలలు ఆపినవాళ్లు మొదటి రోజే మూడు గేమ్‌లు ఆడకూడదు. ముందు పది నిమిషాలు వేగంగా నడిచి, గోడకుర్చీ ఒకటి రెండు వేసి ఒళ్లు వేడి చేసుకోండి. మొదట సగం కోర్టులో, స్కోరు లేకుండా, నిలబడిన చోటు నుంచి క్లియర్‌లూ, నెట్ మీదుగా తిన్నగా కొట్టే డ్రైవ్‌లూ ఒక పావుగంట. రోజు విడిచి రోజు. రెండు మూడుసార్లు మర్నాటి పరీక్షలో నెగ్గితే ముందుకూ పక్కకూ కదలడం కలపండి. తర్వాత డబుల్స్ ఒక గేమ్. ఆ తర్వాతే రెండు. పెంచేటప్పుడు ఒకసారికి ఒక్కటే పెంచండి, సమయమో, వేగమో, రోజుల సంఖ్యో. మూడూ ఒకేసారి పెంచితే, మోకాలు ఉబ్బినప్పుడు దేనివల్లో తెలియదు. పొద్దున గుంట నిండి కనిపిస్తే ఒక మెట్టు వెనక్కి దిగండి, మొదటికి రానక్కర్లేదు.

ఏసీఎల్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు లెక్క వేరే. తిరగడం, దూకడం ఉన్న ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. ఆ లోపు ఒక్కో నెల ఆలస్యం చేసేకొద్దీ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం బాగా తగ్గినట్టు నార్వే పరిశోధకులు 2016లో చూపించారు. తొమ్మిది నెలలు గడిచినంత మాత్రాన సరిపోదు. ఆపరేషన్ అయిన కాలి తొడ బలం, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉన్నాయో లేదో ఫిజియోతో కొలిపించుకోండి.

ఏడో అడుగు: మందులు, ఇంజెక్షన్లు, క్యాప్‌లు

ఇక్కడ డబ్బు ఎక్కువ పోతుంది, లాభం తక్కువ ఉంటుంది. మోకాలి క్యాప్ వెచ్చదనం, ధైర్యం ఇస్తుంది, అంతవరకూ మంచిదే, కానీ కండరం చేసే పని అది చేయదు. నొప్పి తగ్గించే జెల్ రాసుకోవడం మాత్రల కంటే భద్రం. ఆట ముందు మాత్ర వేసుకుని వెళ్లే అలవాటు మాత్రం వద్దే వద్దు. బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లకు అది ప్రమాదం, పైగా మోకాలు చెప్పేది మీకు వినబడకుండా పోతుంది. గ్లూకోసమైన్ మాత్రలు 2006లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రలకంటే మెరుగ్గా పనిచేయలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీవ్రమైన వాపులో ఒకసారి ఉపశమనం ఇవ్వవచ్చు. మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన పరీక్షలో మాత్రం గుజ్జు ఇంకా ఎక్కువ అరిగిందని 2017లో తేలింది. మన రక్తమే తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లున్న భాగాన్ని వేరుచేసి మోకాలిలోకి ఎక్కించే పీఆర్‌పీ కూడా 2021లో ఆస్ట్రేలియా పరీక్షలో ఉప్పునీటి ఇంజెక్షన్‌ను మించలేదు. అరిగిన మోకాలిలో కెమెరా పెట్టి కడిగి శుభ్రం చేసే ఆపరేషన్‌ను అమెరికాలోని హ్యూస్టన్‌లో కొందరికి నిజంగా చేసి, కొందరికి కోతలు మాత్రమే పెట్టి చూస్తే, రెండు వర్గాల నొప్పిలో తేడా రాలేదు. ఆ ఫలితాలు 2002లోనే వచ్చాయి. మోకాలు నిజంగా పట్టేసి కదలనివాళ్లకు సంగతి వేరు.

ఎనిమిదో అడుగు: మోకాలు అలిగిన రోజు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏడాదిలో ఒకటి రెండుసార్లు మోకాలు ఉబ్బుతుంది. మొదటి రెండు రోజులు ఆట ఆపి, ఐస్ ముక్కలు తువ్వాల్లో చుట్టి పావుగంట చొప్పున రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. పూర్తిగా మంచం పట్టకండి, ఇంట్లో మామూలుగా తిరగండి, తువ్వాలు అదిమే వ్యాయామం కొనసాగించండి. వాపు తగ్గాక గోడకుర్చీ, ఆ తర్వాత కుర్చీ, చివరికి కోర్టు. వారం దాటినా గుంట నిండే ఉంటే, లేదా దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బితే డాక్టర్‌కు చూపించండి.

కీలు మార్చాల్సి వస్తే

పగలూ రాత్రీ నొప్పితో, నడక కూడా కుదరని స్థితి వస్తే కీలు మార్పిడి గురించి మాట్లాడాల్సిందే. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకాలి భాగాలకు గరిష్ఠ ధర నిర్ణయించింది కాబట్టి బిల్లులో ఆ భాగానికి వేసిన ధరను విడిగా అడిగి చూసుకోండి. ఆపరేషన్‌కు ముందు తొడ కండరం ఎంత బలంగా ఉంటే తర్వాత కోలుకోవడం అంత తేలిక. అందుకని తేదీ ఖరారైనా మూడో అడుగు వ్యాయామాలు ఆపొద్దు.

మార్పిడి తర్వాత నడక, సైకిల్, ఈత, నెమ్మదిగా ఆడే డబుల్స్ లాంటివాటికి సర్జన్లు సాధారణంగా ఒప్పుకుంటారు. పరుగు, దూకుళ్లు, ఫుట్‌బాల్ వద్దంటారు. "మళ్లీ ఆడొచ్చా?" అని గుండుగుత్తగా అడిగితే "చూద్దాం" అనే జవాబే వస్తుంది. "వారానికి మూడు రోజులు, ఎగరకుండా, ఇండోర్ కోర్టులో డబుల్స్ ఆడతాను. ఎన్ని నెలలకు మొదలుపెట్టొచ్చు? అప్పటికి కాలిలో ఎంత బలం ఉండాలి?" అని అడిగి, ఆయన చెప్పింది అక్కడే రాసుకోండి. ఆ కాగితాన్నే ఫిజియో దగ్గరికి తీసుకెళ్లండి.